పీచు పరిశ్రమకు పక్క వ్యాపారాలు నేర్పిన సంగతులు: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

గోదావరి డెల్టాలోని చిన్న పరిశ్రమలకు లెక్కలు చూడడం, బ్యాంకులకు రుణ ప్రతిపాదనలు తయారుచేయడం, యజమాని తలపెట్టిన మార్పు గిట్టుబాటవుతుందో లేదో ముందుగా లెక్కగట్టి చెప్పడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చే యజమానుల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. తోటి వ్యాపారులతో పరిచయాలు పెంచుకుంటే నిజంగా ఉపయోగముంటుందా, లేక టీలు తాగి విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవడంతోనే సరిపోతుందా అని. పరిచయం ఎవరితో, కూర్చున్నప్పుడు మాట్లాడుకునేది దేని గురించి అన్న రెండు సంగతులు తేలకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేము. అంబాజీపేట పరిసరాల్లో కొబ్బరి పీచు పరిశ్రమ నడుపుతున్న ఒక యజమాని అనుభవాన్ని ఆయన అనుమతితో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయననూ, ఆయనకు తోడ్పడినవారినీ గుర్తుపట్టగలిగే వివరాలను తీసివేశాను.

పరిశ్రమ అప్పటి స్థితి

కోనసీమలో కొబ్బరి కాయ దింపు, ఒలుపు పూర్తయ్యాక మిగిలే డొక్కలే, అంటే కాయ మీది పీచు తొక్కలే, పీచు పరిశ్రమకు ముడిసరుకు. డొక్కను యంత్రంలో వేసి చితక్కొడితే బరువులో సుమారు 30 శాతం పీచుగా, 70 శాతం పొట్టుగా విడిపోతుంది. పీచును కట్టలు కట్టి వ్యాపారికి అమ్ముతారు. మన దేశపు పీచుకు పరుపుల తయారీ కోసం చైనా పెద్ద కొనుగోలుదారు కాబట్టి అక్కడ గిరాకీ తగ్గిన ప్రతిసారీ ఇక్కడ ధర పడిపోతుంది. పొట్టు మాత్రం చాలాచోట్ల గుట్టలుగా పేరుకుపోయి, వానకు తడిసి, స్థలాన్ని తినేసే బరువుగా మిగిలిపోతుంది. అంటే కొన్న ముడిసరుకులో మూడింట రెండు వంతులకు పైగా ధర లేకుండా పడి ఉంటుంది.

ఈ యజమాని తండ్రి నుంచి వ్యాపారం అందుకున్నవారు. పనిమంతుడు, అప్పు విషయంలో మాట తప్పనివారు. ఆయనకు పరిచయాలు తక్కువ అని ఎవరూ అనలేరు. డొక్కలు పంపే ఒలుపు మేస్త్రీలు, చుట్టుపక్కల పీచు పరిశ్రమల యజమానులు, పీచు కొనే వ్యాపారులు, ఇవి గాక బంధువర్గం, సొంత సామాజిక వర్గంలోని పెద్దలు అందరూ ఆయనకు తెలిసినవారే. అయితే వీరందరికీ తెలిసినవి ఒకే రకమైన సంగతులు. డొక్క ధర పెరిగిందని ఒకరు చెబితే మిగిలిన పదిమందికీ అది ముందే తెలిసి ఉంటుంది. పొట్టును ఏం చేయాలో ఆ పదిమందిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే పదిమందీ దాన్ని గుట్ట పోసినవారే. ఆయన పరిచయాలలోని లోటు సంఖ్యలో లేదని, ఆ పరిచయాలన్నీ ఒకే తోవలో నడుస్తున్నాయని నాకు అర్థమైంది అక్కడే.

పొట్టును కడియం నర్సరీలకు అమ్మాలన్న ఆలోచన ఆయనదే. కడియం, కడియపులంక, బుర్రిలంక ప్రాంతాల నర్సరీ రైతులు నారు పెంచే ట్రేలలోనూ, కుండీ మట్టి మిశ్రమంలోనూ కొబ్బరి పొట్టును వాడతారు. కానీ ఆయన పంపిన మొదటి లోడ్లపై ఫిర్యాదులు వచ్చాయి. నారు ఆకుల అంచులు మాడిపోతున్నాయని, పొట్టులో ఉప్పు ఉందని చెప్పి కొనుగోలుదారులు ధర కోశారు. కడిగి పంపినా ఫిర్యాదు ఆగలేదు. నర్సరీ రైతులు ధర తగ్గించడానికి సాకులు వెతుకుతున్నారని ఆయన భావించారు. పొట్టు మంచిదేనని ఆయన తోటి పీచు పరిశ్రమల యజమానులు కూడా ఆయనకు ధైర్యం చెప్పారు.

పరిచయాలు పెంచుకోవడానికి అంతకుముందు ఆయన రెండు చోట్ల ప్రయత్నించారు. ఒకటి, సభ్యులు వారం వారం ఒకరికొకరు ఖాతాదారులను సిఫారసు చేసుకోవాలన్న నియమం ఉన్న ఒక పట్టణ క్లబ్బు. బీమా, ఇంటీరియర్ పనులు, ముద్రణ వంటి సేవల వ్యాపారాలకు అది ఉపయోగపడుతుందేమో గానీ, పీచు కట్టలు కొనే మనిషి ఆ గదిలో దొరకడు. రెండోది పరిశ్రమల సంఘం. కరెంటు ఛార్జీలపై, డొక్కల రవాణాపై అధికారులకు వినతిపత్రం ఇవ్వడానికి సంఘం అవసరమే, అందులో ఆయన ఇప్పటికీ చురుగ్గా ఉన్నారు. అయితే తన పరిశ్రమలో ఏం తప్పు జరుగుతోందో సంఘం సమావేశంలో ఎవరూ విప్పి చెప్పరు, చెప్పాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

రావులపాలెం బృందం

నా దగ్గరకు వచ్చే యజమానులలో కొందరిని ఒకచోట కూర్చోబెట్టే ప్రయత్నం 2021లో మొదలైంది. రావులపాలెం గౌతమి, వశిష్ఠ పాయల నడుమ జాతీయ రహదారి మీద ఉంది కాబట్టి రాజమహేంద్రవరం వైపు నుంచీ, అమలాపురం వైపు నుంచీ, తణుకు, పాలకొల్లుల వైపు నుంచీ రావడానికి అందరికీ అనువైన చోటు. ఉప్పుడు బియ్యం మిల్లు నడిపే మిల్లరు ఒకరు, వనామి రొయ్యలు సాగు చేస్తూ మేత వ్యాపారం కూడా చేసే ఆక్వా రైతు ఒకరు, కడియం వైపు నర్సరీ రైతు ఒకరు, నరసాపురంలో లేసు అల్లికలు ఎగుమతి చేసే కుటుంబ సంస్థను నడుపుతున్న ఒక మహిళ, మన పీచు యజమాని, మరికొందరు ఇందులో ఉన్నారు. ఒకే ప్రాంతంలో ఒకే సరుకు అమ్మేవారు ఇద్దరు ఉండకూడదన్నది నేను మొదటే పెట్టిన షరతు. పోటీదారుల మధ్య లెక్కలు విప్పి మాట్లాడుకోవడం కుదరదు, కుదిరినా మాట ధరల మీదకు మళ్లుతుంది. పోటీదారులు కూడబలుక్కుని ధర నిర్ణయించడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం నిషిద్ధం అన్న సంగతి చిన్న పట్టణాల్లో చాలామంది వ్యాపారులు ఆలోచించరు.

మరికొన్ని నియమాలు బృందమే పెట్టుకుంది. సభ్యులు ఒకరినొకరు చేబదులు అడగకూడదు, బ్యాంకు అప్పుకు హామీ సంతకం అడగకూడదు, బృందంలో చీటీ వేయకూడదు. మన వైపు పదిమంది వ్యాపారులు నెలకోసారి కలవడం మొదలైతే అది ఏడాది తిరిగేలోపు చీటీల పాటగా మారడం నేను చాలాచోట్ల చూశాను. డబ్బు మధ్యలోకి వచ్చాక కష్టాన్ని దాచుకోవడమే తప్ప చెప్పుకోవడం ఉండదు. మొదట్లో సమావేశాలు రాత్రి భోజనాలతో కలిపి పెట్టాలనుకున్నారు. లేసు సంస్థ నడిపే ఆవిడ పగటిపూట అయితేనే వస్తానని స్పష్టంగా చెప్పారు. ఆవిడ మాట ప్రకారం ఉదయం పూటకు మార్చడం బృందానికి ఎంతో మేలు చేసింది, ఎందుకంటే పగలు కలిసినప్పుడు హోటల్ గదికి బదులు ఎవరో ఒకరి పరిశ్రమలోనే కూర్చోవడం అలవాటైంది.

సమావేశం తీరు ఇది. ఆ నెల ఎవరి పరిశ్రమలో కూర్చుంటారో ఆయన తన సమస్యను అంకెలతో సహా ఒక కాగితం మీద రాసి అందరికీ ముందుగా ఇవ్వాలి. పరిశ్రమ అంతా తిరిగి చూశాక మిగిలినవారు ప్రశ్నలు మాత్రమే అడగాలి. ప్రశ్నలన్నీ అయ్యేదాకా ఎవరూ సలహా ఇవ్వకూడదు. పెద్దవారు మాట్లాడితే చిన్నవారు తలూపే అలవాటున్న మన సభా మర్యాదలో ఈ చివరి నియమాన్ని నిలబెట్టడమే అన్నిటికంటే కష్టమైంది.

ఉప్పు సంగతి ఆక్వా రైతు తేల్చారు

పీచు పరిశ్రమలో కూర్చున్న రోజున జరిగినది ఈ మొత్తం అనుభవంలో అన్నిటికంటే విలువైనది కాబట్టి దాన్ని కొంత విస్తరించి చెబుతాను. నర్సరీ రైతు తాను తమిళనాడు నుంచి తెప్పించుకునే కడిగిన పొట్టు బస్తా ఒకటి వెంట తెచ్చి, దాని పక్కన ఈ పరిశ్రమ పొట్టును పోశారు. కంటికి తేడా కనిపించలేదు. అప్పుడు ఆక్వా రైతు ఒక్క ప్రశ్న అడిగారు: "కడిగేది ఏ నీళ్లతోనండి?" బోరు నీళ్లతో అని జవాబు వచ్చింది. "నీళ్లు తియ్యగానే ఉంటాయండి, ఇంట్లో వాడుకుంటాం" అని యజమాని చెప్పారు. ఆక్వా రైతు తన కారులోని ఉప్పు కొలిచే మీటరు తెప్పించి బోరు నీటిలో ముంచారు.

రొయ్యల సాగులో నీటి ఉప్పును వెయ్యికి ఇన్ని పాళ్లు అని కొలుస్తారు. సముద్రపు నీటిలో అది సుమారు 35 ఉంటుంది. వనామి రొయ్య చాలా తక్కువ ఉప్పు నీటిలోనూ పెరుగుతుంది కాబట్టి, వెయ్యికి ఒక పాలు ఉప్పున్న నీటిని ఆక్వా రైతులు దాదాపు మంచినీళ్ల కిందే లెక్కగడతారు. నర్సరీ వారు చూసేది విద్యుత్ వాహకత అనే మరో కొలత; ఉప్పు ఎక్కువైన కొద్దీ ఇది పెరుగుతుంది. నారుకు వాడే పొట్టులో అది సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్ కన్నా తక్కువ ఉండాలని వారు కోరుకుంటారు. వెయ్యికి ఒక పాలు ఉప్పు అంటే ఆ కొలతలో సుమారు 2 మిల్లీసీమెన్స్. నాలుక్కి తియ్యగా అనిపించే నీరు, రొయ్యల చెరువుకు మంచినీరు అనిపించుకునే నీరు, నారుకు కావలసిన పరిమితికి నాలుగింతలు ఉప్పగా ఉండగలదన్నమాట. అలాంటి నీటితో పొట్టును ఎన్నిసార్లు కడిగినా ఆ నీటిలోని ఉప్పు కన్నా కిందికి దిగదు. నర్సరీ రైతులు సాకు చెప్పలేదు, యజమాని కడగకుండా మోసమూ చేయలేదు. ఇద్దరూ నిజమే చెబుతూ ఒకరినొకరు అనుమానించుకున్నారు.

సముద్రానికి దగ్గరగా ఉన్న దిగువ డెల్టాలో బోరు లోతును బట్టి, కాలాన్ని బట్టి ఉప్పు మారుతుందని, వేసవి చివరలో ఎక్కువవుతుందని ఆక్వా రైతులకు అనుభవపూర్వకంగా తెలుసు. చెరువు నీటిని పరీక్షించే ప్రయోగశాలలు డెల్టా పట్టణాల్లో వీధి వీధికీ ఉన్నాయి. పీచు యజమాని ఆ బోర్డుల ముందు నుంచే రోజూ వెళ్లేవారు, కానీ అవి రొయ్యల వారివని ఎప్పుడూ లోపలికి తొంగిచూడలేదు. ఆ వారమే ఆయన వాహకత మీటరు కొన్నారు. ఇరిగేషన్ అధికారుల అనుమతి తీసుకుని ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటితో కడగడం మొదలుపెట్టారు. కడిగిన నీరు టీ డికాక్షన్ రంగులో దిగుతుంది, దాన్ని తిరిగి పంట కాలువలోకి వదలకుండా సొంత గుంటలోకి మళ్లించారు. పొట్టు తనలో పట్టి ఉంచుకునే సోడియం, పొటాషియంలను పూర్తిగా తొలగించాలంటే కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెట్టాలని నర్సరీ రైతు చెప్పారు. కూరగాయల నారు పెంచేవారికి పంపే సరుకుకు మాత్రమే అలా చేస్తున్నారు, ఎందుకంటే కుండీ మొక్కల వారు దానికి అదనపు ధర ఇవ్వరు.

తడి సంగతిలో తీసుకున్నదీ, వదిలేసినదీ

మిల్లరు గారి నుంచి నేర్చుకున్నది మరో రకం. ధాన్యం కొనుగోలులో 17 శాతం తేమ పరిమితి ఉంటుంది, కాబట్టి మిల్లుకు వచ్చిన ప్రతి లోడుకూ మీటరు పెట్టి చూడడం వారికి అలవాటు. కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీల్చుకుంటుంది. అలాంటి సరుకును తేమ రాయకుండా బరువుకు అమ్మితే ప్రతి లోడు దగ్గరా తగువు తప్పదని మిల్లరు తేల్చి చెప్పారు. అప్పటి నుంచి నర్సరీలకు వెళ్లే విడి పొట్టును ఘనపరిమాణం లెక్కన, పొట్టును అదిమి దిమ్మలు కొట్టేవారికి వెళ్లే ఎండు పొట్టును తేమ శాతం రాసి బరువు లెక్కన అమ్ముతున్నారు. ఈ ఒక్క మార్పుతో లోడు దగ్గర బేరాలు దాదాపు ఆగిపోయాయి.

అయితే మిల్లరు ఉత్సాహంగా చెప్పిన రెండో సలహా, ఊకతో నడిచే డ్రయ్యరు పెట్టమన్నది, పనికిరాలేదు. మేము లెక్కవేసి చూస్తే ఇంధనం, కూలీల ఖర్చు ఎండు పొట్టుకు దొరికే అదనపు ధరను మించిపోయింది. పైగా ఎండిన పొట్టు తేలిక, దుమ్ము లేస్తుంది, నిప్పంటుకుంటే ఆపడం కష్టం. ధాన్యానికి సరిపడిన యంత్రం పొట్టుకు సరిపడదు. మిల్లులో ధాన్యం మీద కప్పే బరకాల పద్ధతిని మాత్రం తీసుకుని, సిమెంటు కళ్లం మీద పొట్టును పలుచగా పరచి, మబ్బు పట్టగానే పోగుచేసి కప్పే పనికి ఇద్దరు మనుషులను ప్రత్యేకంగా పెట్టారు. తోటి వ్యాపారి ఇచ్చే సలహాలో ఆయన వ్యాపారానికి మాత్రమే చెందినది ఎంత, మన వ్యాపారానికి పనికొచ్చేది ఎంత అన్నది విడదీయడం సలహా అడిగినవారి బాధ్యతే. ఇచ్చినవారికి ఆ తేడా కనిపించదు. సలహా పాటించకపోతే ఆయన నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం మన దగ్గర ఎక్కువ. అందుకే తీసుకోని సలహాకు కారణం అంకెలతో మరుసటి సమావేశంలో చెప్పాలన్న నియమం తరువాత చేర్చాం. మిల్లరు ఆ లెక్క చూసి ఒప్పుకున్నారు.

అరువు, ఎగుమతి

నర్సరీ వ్యాపారంలో డబ్బు ఒక్కసారిగా వస్తుంది. తొలకరి పడ్డాక మొక్కల అమ్మకాలు ఊపందుకుంటాయి, అప్పటిదాకా అరువు పెరుగుతూ పోతుంది. చెరువుకు ఇంత అని పరిమితి పెట్టి, రొయ్యల పట్టుబడి అయ్యి పాత బాకీ తీరేదాకా కొత్త మేత ఇవ్వని పద్ధతిని ఆక్వా రైతు తన మేత వ్యాపారంలో పాటిస్తున్నారు. పీచు యజమాని అదే పద్ధతిలో ఒక్కో నర్సరీకి అరువు పరిమితి పెట్టుకున్నారు. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలన్న సంగతి బిల్లు మీద అచ్చు వేయించమని నేను చెప్పాను. ఇది చూసి కొనేవారు ఎక్కడ దూరమవుతారోనని ఆయన సంకోచించారు. బృందంలోని నర్సరీ రైతే ఆయన్ని ఒప్పించారు. "కాగితం మీద గడువుంటే నాకే మంచిది బాబూ, మా గుమస్తాకు గుర్తుంటుంది. లేకపోతే నువ్వు అడగలేవు, నేను చెప్పలేను" అన్నారు. కొనుగోలుదారు వైపు నుంచి ఆ మాట రావడం వల్ల కలిగిన నమ్మకం నేను ఎన్ని చట్టాలు వివరించినా కలిగేది కాదు.

ఎగుమతి విషయంలో ఆయనకు తప్పిన నష్టం గురించి కూడా చెప్పాలి. ఇంటర్నెట్లో పరిచయమైన ఒక విదేశీ కొనుగోలుదారు 40 అడుగుల కంటైనరు నిండా పొట్టు దిమ్మలు కావాలని, సరుకు అందాక 90 రోజులకు డబ్బు పంపుతానని రాశారు. అలాంటి కంటైనరులో పాతిక టన్నుల దాకా సరుకు పడుతుంది. ఆ ఆర్డరు చూపించి అప్పు తీసుకుని దిమ్మలు కొట్టే ప్రెస్సు కొనాలని ఆయన ఉవ్విళ్లూరారు. లేసు ఎగుమతి చేసే ఆవిడ ఆ కాగితాలు చదివి వరుసగా ప్రశ్నలు వేశారు. "బయానా ఎంత ఇస్తానన్నాడన్నయ్యా? బ్యాంకు ఎల్.సి. తెరుస్తానన్నాడా? ఇ.సి.జి.సి. వాళ్లు ఆ పేరు మీద బీమా ఇస్తారేమో అడిగారా? మొక్కల సంబంధమైన సరుకు కదా, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఖర్చు ఎవరిది?" ఎల్.సి. అంటే కొనుగోలుదారు తరఫున డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అంటే సరుకులో చీడపీడలు లేవని ఇచ్చే ధ్రువపత్రం. 1957 నుంచి ఎగుమతిదారులకు చెల్లింపు నష్టంపై బీమా ఇస్తున్న ప్రభుత్వ సంస్థ ఇ.సి.జి.సి. అన్న సంగతే ఆయనకు అప్పటిదాకా తెలియదు. బయానా అడగగానే ఆ కొనుగోలుదారు నుంచి జవాబులు ఆగిపోయాయి. ప్రస్తుతానికి ఆయన సొంతంగా ఎగుమతి చేయడం లేదు, దిమ్మలు కొట్టి ఎగుమతి చేసే సంస్థకు ఎండు పొట్టు ఇస్తున్నారు. లాభం తక్కువైనా డబ్బు వారానికోసారి వస్తోంది. ఈ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు బృందం మరో విధంగా అక్కరకు వచ్చింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఎగరవేస్తారు. అంతవరకు ఆగకుండా రెండో హెచ్చరిక 13.75 అడుగులకే పల్లంలో ఉన్న సభ్యుల సరుకు మెరకలో ఉన్న సభ్యుల గోదాములకు చేర్చారు. అప్పటికి ఏడాదిగా ఒకరి పరిశ్రమలు ఒకరు తిరిగి చూసి ఉన్నారు కాబట్టి ఎవరి గోదాములో ఎంత చోటుందో, ఏ దారిన లారీ వెళ్తుందో అడగాల్సిన పని లేకపోయింది.

ఈ రోజున పరిశ్రమలో పొట్టు గుట్ట లేదు. పొట్టు మీద వచ్చే ఆదాయం కరెంటు బిల్లునూ, కూలీల ఖర్చులో చాలా భాగాన్నీ భరిస్తోంది. పీచు ధర పడిన నెలల్లోనూ పని ఆపాల్సిన అవసరం రావడం లేదు. బృందం నుంచి ఇద్దరు తప్పుకున్నారు. తమ సరుకు అమ్ముకోవడానికి వచ్చి, తమ లెక్కల కాగితం ఇవ్వడానికి ఇష్టపడనివారు వారు. వారు వెళ్లాక మిగిలినవారి మాటల్లో దాపరికం మరింత తగ్గింది. చుట్టుపక్కల పీచు పరిశ్రమల వారికి కూడా కాలువ నీటి సంగతి ఈ యజమానే స్వయంగా చెప్పారు. తన పోటీ పెరుగుతుందని తెలిసే చెప్పారు. కోనసీమ పొట్టు ఉప్పగా ఉంటుందన్న మాట కడియంలో పోతేనే తనకూ గిట్టుబాటు ధర నిలుస్తుందని ఆయన వాదన.

తీరని సమస్య వేసవిది. పంట కోతల తరువాత మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు కడగడానికి నీరుండదు, బోరు అప్పుడే అన్నిటికంటే ఉప్పగా ఉంటుంది, నర్సరీలకు తొలకరి కోసం పొట్టు కావలసిందీ అప్పుడే. కాలువలు కట్టేసేలోపు కడిగిన పొట్టును నిల్వ చేసుకోవడమా, మంచినీటి చెరువు తవ్వించుకోవడమా అన్న రెండు దారులకూ ఖర్చుల కాగితం తయారైంది. నిల్వకు షెడ్డు కావాలి, చెరువుకు భూమి కావాలి. చెరువు అడుగు నుంచి ఉప్పు ఊరకుండా పరచే షీటు ధరలు ఆక్వా రైతు తెప్పించారు, షెడ్డు లెక్క మిల్లరు చూస్తున్నారు. వచ్చే సమావేశం మళ్లీ ఈ పరిశ్రమలోనే.